గేమ్‌లో బాస్ (పెద్ద శత్రువు) గట్టిగా నిలబడాలంటే ఆర్మర్ క్లాస్ (ఏసీ) పెంచాలా, హిట్ పాయింట్లు పెంచాలా?

డైస్‌తో ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్‌లో అయితే ముందు హిట్ పాయింట్లే (బాస్ ఎంత డ్యామేజ్ తట్టుకోగలదో చెప్పే అంకె) పెంచండి, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే డైస్ చేరాల్సిన అంకె) జోలికి మరీ వెళ్లకండి. ఎందుకంటే రెండూ ఫైట్‌ని సాగదీస్తాయి గానీ, హిట్ పాయింట్లు ఎక్కువైతే ప్రతి దెబ్బా ఎంతో కొంత తగులుతూనే ఉంటుంది, ఏసీ ఎక్కువైతే మాత్రం ఆటగాడు తన వంతు కోసం పది నిమిషాలు కూర్చుని, డైస్ వేసి, "మిస్" అని విని మళ్లీ ఫోన్ చూసుకుంటాడు.

అడల్ట్ రెడ్ డ్రాగన్‌నే తీసుకోండి. 2014 రూల్స్‌లో దాని ఏసీ 19, హిట్ పాయింట్లు 256. అటాక్ బోనస్ (డైస్‌లో పడిన అంకెకి కలిపేది) +9 ఉన్న ఫైటర్‌కి 20 ముఖాల డైస్‌లో 10 పడితే చాలు, అంటే 55 శాతం ఛాన్స్. ఏసీని 23 చేస్తే 14 పడాలి, ఛాన్స్ 35 శాతానికి పడిపోతుంది. క్రిటికల్స్ (డైస్‌లో 20 పడితే తగిలే పెద్ద దెబ్బ) లెక్క వదిలేస్తే ఆ నాలుగు పాయింట్లు ఒక్కసారిగా హిట్ పాయింట్లను దాదాపు 400 చేసినట్టే! చూడటానికి చిన్న మార్పులాగే ఉంటుంది, అక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఏసీ పెంచితే మ్యాజిక్ నుంచి కూడా కాపాడుతుందని ఇంకో అపోహ. హోల్డ్ మాన్‌స్టర్ లాంటి సేవింగ్ త్రో స్పెల్స్ (తప్పించుకోవడానికి బాసే డైస్ వేయాల్సిన మంత్రాలు) అసలు ఏసీని పట్టించుకోవు, ఒక్కటి తగిలితే బాస్ కదలకుండా పడి ఉంటుంది. దానికి మందు లెజెండరీ రెసిస్టెన్స్: ఈ డ్రాగన్ రోజుకి 3 సార్లు, ఫెయిలైన సేవ్‌ని పాస్ అయినట్టు మార్చుకోగలదు.