పొడుగు లేని స్టాపర్: పుయోల్‌ని చూసి నేను నేర్చుకున్నది

మీరు అడిగింది ఇది: "స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్ కెప్టెన్‌గా ఆడిన కార్లెస్ పుయోల్ పొడుగు కాదు, బాల్ మీద పెద్ద టెక్నిక్ కూడా లేదంటారు. అయినా అంత గొప్ప డిఫెండర్ ఎలా అయ్యాడు? నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. నేను స్టాపర్‌గా ఆడొచ్చా?"

ఆడొచ్చు. స్టాపర్ అంటే గోల్‌కి ఎదురుగా మధ్యలో నిలిచే డిఫెండర్. నా ఎత్తు ఐదడుగుల ఎనిమిది. అనంతపురంలో స్కూలు రోజుల నుంచి పన్నెండేళ్లు స్టాపర్‌గానే ఆడాను. ఇప్పుడు సాయంత్రాలు పిల్లలకు నేర్పిస్తున్నాను. కానీ పుయోల్‌కి టెక్నిక్ లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. ఒకప్పుడు నేనూ అదే అనుకున్నాను. అది ఎంత తప్పో తెలియడానికి నాకు రెండు దెబ్బలు తగలాల్సి వచ్చింది.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. రాయలసీమలో క్రికెట్ వదిలేసి ఫుట్‌బాల్ ఏంటని చాలామంది అడుగుతారు. అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవా సంస్థ పెట్టిన ఫాదర్ ఫెర్రర్ పుట్టింది బార్సిలోనాలోనే. ఆ సంస్థ వల్ల స్పెయిన్ నుంచి మా ఊరికి వచ్చిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా చిన్నప్పుడు వాళ్లు మా గ్రౌండ్ పక్కన బార్సిలోనా క్లబ్ నిలువు గీతల నీలం ఎరుపు జెర్సీలు వేసుకుని నిలబడేవాళ్లు. అలా వచ్చిన ఒకాయన, కాటలన్ మనిషి (బార్సిలోనా ప్రాంతం వాడు), నా ఆట రెండు రోజులు చూసి, "నువ్వు రొనాల్డినోని చూడడం మానేసి ఐదో నంబర్‌ని చూడు" అని దుభాషితో చెప్పించాడు. ఐదో నంబర్ అంటే పుయోల్. అప్పటికి నాకు ఆ పేరు పలకడం కూడా రాదు.

పుయోల్ పుట్టింది 1978 ఏప్రిల్ 13న, పిరనీస్ కొండల కింద లా పోబ్లా దె సెగుర్ అనే చిన్న ఊళ్లో. వ్యవసాయ కుటుంబం. చిన్నప్పుడు గోల్‌కీపర్‌గా ఆడేవాడు. భుజాల నొప్పి వల్ల అది మాని ఫార్వర్డ్‌గా ఆడడం మొదలుపెట్టాడు. బార్సిలోనా వాళ్ల లా మాసియా అకాడమీలో చేరింది 1995లో, పదిహేడేళ్లకు. అక్కడి పిల్లలు చాలామంది పదకొండు, పన్నెండేళ్లకే చేరతారు కాబట్టి ఇది బాగా ఆలస్యమే. పైగా 1998లో క్లబ్ అతన్ని మలగా అనే మరో క్లబ్‌కి అమ్మడానికి సిద్ధపడింది. తన స్నేహితుడు షావి మొదటి జట్టులోకి రావడం చూసి, నేనూ వస్తానని మొండికేసి ఉండిపోయాడు. మరుసటి ఏడు, 1999 అక్టోబర్‌లో, వాన్ గాల్ కోచ్‌గా ఉండగా మొదటి మ్యాచ్ ఆడాడు. అప్పటికి సైడ్ బ్యాక్, అంటే అంచున ఆడే డిఫెండర్. మధ్యలోకి తర్వాత వచ్చాడు. 2004లో కెప్టెన్ అయ్యాడు. అక్కడి నుంచి 2014లో ఆట మానేసేదాకా అతనే కెప్టెన్. ఒకే క్లబ్‌కి 593 మ్యాచ్‌లు, ఆరు లీగ్ టైటిళ్లు, యూరప్ క్లబ్‌ల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ మూడుసార్లు. స్పెయిన్‌కి 100 మ్యాచ్‌లు.

ఇక ఎత్తు సంగతి. పుయోల్ 1.78 మీటర్లు, అంటే ఐదడుగుల పది. మన దగ్గర పొట్టి అనరు కానీ స్టాపర్‌కి అది తక్కువే. అతని పక్కన ఆడిన పికే 1.94 మీటర్లు.

మొదటి దెబ్బ 2010 జూలై 7న తగిలింది. డర్బన్‌లో వరల్డ్ కప్ సెమీఫైనల్, స్పెయిన్, జర్మనీ. మనకు అర్ధరాత్రి పన్నెండింటికి మొదలైంది. హాస్టల్లో పద్దెనిమిది మందిమి ఒకే టీవీ ముందు కూర్చున్నాం. కరెంటు పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఒంటిగంటన్నర ప్రాంతంలో, 73వ నిమిషంలో, ఎడమవైపు మూల నుంచి షావి కార్నర్ కొట్టాడు. బంతి పెనాల్టీ స్పాట్ దగ్గరకు వస్తోంది. అక్కడ ఎర్ర జెర్సీలో నిలబడ్డది పికే. అతనూ ఎగిరాడు. ఇంతలో వెనక నుంచి జుట్టు ఎగరేసుకుంటూ ఒకడు దూసుకొచ్చాడు. పికే కంటే పైన కనిపించాడు. బంతి నెట్‌లో పడ్డాక గానీ అది ఎవరో మాకు అర్థం కాలేదు. 1-0. ఆ ఒక్క గోల్‌తోనే స్పెయిన్ మొదటిసారి వరల్డ్ కప్ ఫైనల్‌కి వెళ్లింది.

అందరూ కేకలు వేస్తున్నారు. నేను మాత్రం రీప్లే కోసమే చూస్తున్నాను. అదేంటంటే, నాకు గాల్లో బంతి ఎప్పుడూ దొరికేది కాదు. బంతి పడే చోటు చూసుకుని ముందే వెళ్లి కింద నిలబడేవాణ్ని. పక్కనున్న పొడుగువాడు నిలబడ్డ చోటే ఎగిరి కొట్టేసేవాడు. నాకు ఎత్తు లేదు, నా ఖర్మ అనుకునేవాణ్ని. ఆ రీప్లేలో పుయోల్ బంతి కింద నిలబడి లేడు. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్ అంచు దగ్గర నుంచి ఏడెనిమిది అడుగులు పరుగెత్తి వచ్చి ఒంటికాలి మీద లేచాడు. నిలబడి ఎగిరేవాడికీ, పరుగెత్తి వచ్చి ఎగిరేవాడికీ జానెడు తేడా ఉంటుంది. మరుసటి వారం గ్రౌండ్‌లో సున్నంతో గీత గీసుకుని, దాని వెనకే నిలబడి, కార్నర్ కొట్టినవాడి కాలు బంతికి తగిలిన తర్వాతే కదలాలని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. మొదట్లో ప్రతిసారీ ఆలస్యం అయ్యేవాణ్ని. దాదాపు రెండు నెలలకు కుదిరింది. ఇది టెక్నిక్ కాకపోతే మరేది టెక్నిక్? బంతిని కాలితో ఆడించడం ఒక్కటే నైపుణ్యం అనుకుంటాం కాబట్టి ఇలాంటివి మనకు కనబడవు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. జిల్లా స్థాయిలో ఒక ఫైనల్. 1-0తో మేమే ముందున్నాం, ఆట అయిపోవచ్చింది. దూరం నుంచి పొడుగ్గా కొట్టిన బంతి వచ్చింది. మా కీపర్ బయటికి వచ్చాడు. వాడు పట్టేస్తాడులే అని నేను నిలబడి చూశాను. వాడికి అందలేదు. బంతి మెల్లగా, ఎవరో దొర్లించినట్టుగా, ఖాళీ గోల్‌లోకి పోయింది. నాకూ గోల్‌కీ మధ్య పదిహేను అడుగులు. పరుగెత్తి ఉంటే అందేది. ఎక్స్‌ట్రా టైంలో ఓడిపోయాం. కీపర్ ఏడుస్తుంటే తప్పు నాదేనని నోరు విప్పి చెప్పలేకపోయాను. తర్వాత రోజు వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

ఆ తర్వాతే 2002లో మాస్కోలో లోకోమోటివ్ జట్టుతో బార్సిలోనా ఆడిన మ్యాచ్ వీడియో చూశాను. కీపర్ పని అయిపోయింది, గోల్ ఖాళీగా ఉంది, అవతలి వాడు కొట్టేశాడు. పుయోల్ గోల్ ముందు నిలబడి ఛాతీతో ఆపాడు. బంతి తగిలింది సరిగ్గా క్లబ్ బ్యాడ్జి ఉన్న చోట. అందరూ ఆ బ్యాడ్జి గురించి, ధైర్యం గురించి చెబుతారు. నేను మాత్రం అతను అక్కడికి ఎలా వచ్చాడని చూశాను. కీపర్ చోటు వదిలేశాక బంతి మీదికి పోకుండా గోల్‌లోకి పోయాడు. కీపర్ పట్టేస్తాడులే అన్న ఆలోచనే అతనికి లేదు. పక్కవాడు తప్పు చేస్తే ఏం జరుగుతుందో అది ముందే జరిగిపోయినట్టుగా కదులుతాడు. అతని గొప్పతనం ఏంటని ఒక్క ముక్కలో అడిగితే నేను చెప్పేది ఇదే. తొంభై నిమిషాలూ పరధ్యానం లేకుండా ఉండడం. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. ప్రయత్నించి చూడండి, ఇరవై నిమిషాలకే మనసు ఎటో పోతుంది.

మైదానంలో అతను అరుస్తూనే ఉంటాడు. కోపం అనుకునేవాణ్ని. పక్కవాళ్లను మేల్కొల్పడానికని తర్వాత అర్థమైంది. 2012లో రాయో వయెకానో జట్టుని 7-0తో ఓడించిన మ్యాచ్‌లో ఐదో గోల్ తర్వాత బార్సిలోనా ఆటగాళ్లు తియాగో, ఆల్వెస్ డ్యాన్స్ మొదలుపెట్టారు. పుయోల్ వచ్చి వాళ్లను విడదీసి ఆటలోకి తోశాడు. అవతల ఐదు గోల్స్ తిన్నవాళ్లు నిలబడి ఉన్నారు కదా. గెలుస్తున్నప్పుడు కూడా అవతలి వాడి ముఖం చూసే కెప్టెన్ ఎంతమంది ఉంటారు?

అంతకు ముందు ఏడు వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు కెప్టెన్‌గా కప్పు అతనే ఎత్తాలి. కాలేయంలో కణితికి ఆపరేషన్ అయి రెండు నెలలు కాస్త దాటిన సహచరుడు అబిదాల్ చేతికి తన కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ కట్టి, అతనితో ఎత్తించాడు. ఆ రాత్రి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇప్పుడు రాస్తుంటే కూడా అంతే.

మీకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా ఆడితే ఒళ్లు గుల్లవుతుంది. అతని మోకాళ్లు అలాగే పోయాయి. 2012 యూరో కప్‌కి దూరమయ్యాడు. అదే ఏడాది అక్టోబర్‌లో బెన్ఫికా మ్యాచ్‌లో మోచెయ్యి పక్కకు జరిగింది, ఆ వీడియో చూడకండి. చివరికి ఒప్పందం ఇంకా రెండేళ్లు ఉండగానే, ఇక ఈ స్థాయిలో ఆడలేనని వదిలేశాడు. కాబట్టి తొడలకు, మోకాళ్లకు బలం పెంచే ఎక్సర్‌సైజులు ఇప్పుడే మొదలుపెట్టండి. నేను పెట్టలేదు, ముప్పై దాటక ముందే ఆట ఆపేశాను.

చూడడానికి ఒక మ్యాచ్ చెప్పమంటే 2000 అక్టోబర్ 21 నాటిది చెబుతాను. బార్సిలోనా వదిలి రియల్ మాడ్రిడ్‌కి వెళ్లిన ఫిగో, బార్సిలోనా సొంత మైదానం క్యాంప్ నౌకి తిరిగొచ్చిన మొదటి మ్యాచ్. అతన్ని కాచుకునే పని ఇరవై రెండేళ్ల పుయోల్‌ది. బార్సిలోనా 2-0తో గెలిచింది. మా పిల్లలకు అదే చూపిస్తాను, బంతిని వదిలేసి పుయోల్‌నే చూడమంటాను. మొదటి పది నిమిషాలు అందరూ బంతినే చూస్తారు. తర్వాత ఎవడో ఒకడు, "సార్, బంతి అటు ఉంటే ఈయన ఇటు చూస్తున్నాడేంటి?" అంటాడు. అక్కడ ఆపేసి వాళ్లను గ్రౌండ్‌లోకి తీసుకెళ్తాను.