ట్యాగ్‌లైన్ పని కొన్నాళ్లు పక్కన పెట్టండి

టూరిజం క్యాంపెయిన్ మొదలుపెట్టి ఐదు వారాలైంది, ఏడు కాన్సెప్టులు తిరిగొచ్చాయి, క్లయింట్ "ఇంకేదో కావాలి" అంటున్నారు, ఏం చేయాలి అని అడిగారు. పాత పుండు కెలికారండీ. నేను యాడ్ ఏజెన్సీలో కాపీ రైటర్‌గా (ప్రకటనల మాటలు రాసేవాడిగా) ఉన్నప్పుడు మాకూ అచ్చం ఇదే జరిగింది.

మా బ్రీఫ్‌లో, అంటే క్లయింట్ తమకేం కావాలో రాసిచ్చిన కాగితంలో, కొండలు, సరస్సు, కోట, అడవి, ట్రెక్కింగ్ అన్నీ ఉన్నాయి. ఎవరి కోసం అన్నచోట కుటుంబాలు, యువత, పెద్దవాళ్లు, విదేశీయులు అని రాశారు. ఇక మిగిలిందెవరు? బుద్ధిగా అన్నీ కలిపి వందకు పైగా లైన్లు రాశాం. ఒకరోజు మా ఆర్ట్ డైరెక్టర్ వాటిలో ఆ చోటు పేరు తీసేసి, నోటికొచ్చిన వేరే పేర్లు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. ఒక్క లైనూ ఎబ్బెట్టుగా వినిపించలేదు. అందరం నవ్వాం గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత మేనేజర్ని బతిమాలి ఇద్దరం కెమెరా లేకుండా అక్కడికి వెళ్లాం. తిరుగు బస్సు కోసం కూర్చున్నవాళ్లను "ఇంటికెళ్లాక మొదట ఏం చెబుతారు?" అని అడిగాం. కోట మాట ఎవరూ ఎత్తలేదు. ఎక్కువమంది పొగమంచు గురించే చెప్పారు. వ్యూ పాయింట్ దగ్గర ఏమీ కనబడక గంటల తరబడి కూర్చున్నారట. పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లతో కబుర్లలో పడ్డారట. ఒక్క నిమిషం మంచు విడిపోతే అందరూ ఒకేసారి అరిచారట. క్లయింటేమో ఫొటోలన్నిటిలో నీలాకాశమే ఉండాలని పట్టుబడుతున్నారు! వాళ్లు దాచమన్న మంచే మా ఎనిమిదో కాన్సెప్ట్ అయింది. మూలన చిన్న కోట బొమ్మ పెట్టించి మరీ ఒప్పుకున్నారు. పెట్టాం, ఏం చేస్తాం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ టూరిజంవాళ్లు 2009లో చేసింది గుర్తుందా? గ్రేట్ బారియర్ రీఫ్ దీవులకు జనాన్ని రప్పించాలి. సముద్రం ఫొటోలు ప్రతి దీవికీ ఉంటాయి. అందుకని వాళ్లు ఒక ఉద్యోగ ప్రకటన ఇచ్చారు: ఆరు నెలలు దీవిని చూసుకోవాలి, జీతం 1,50,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. 30,000కు పైగా వీడియో దరఖాస్తులు వచ్చాయి. అక్కడ ఉండటం ఎలా ఉంటుందో జనమే ఊహించుకున్నారు.

తర్వాతి మీటింగ్‌కి కొత్త కాన్సెప్ట్ తీసుకెళ్లకండి. "ఈ ఏడాది ఏ ఒక్క రకం మనుషులు వస్తే చాలు? దేన్ని చూపించకపోయినా ఫర్వాలేదు?" అని అడగండి. రెండో ప్రశ్నకు గదిలో గొడవ మొదలవుతుంది, మొదలవనివ్వండి. అది ఇప్పుడు తేలకపోతే మీ పదో కాన్సెప్ట్ మీద తేలుతుంది.

ఇంకోటి, టెన్షన్‌లో స్టాక్ ఫుటేజ్ (ఎవరో ఎక్కడో తీసి అమ్మకానికి పెట్టిన రెడీమేడ్ వీడియోలు) జోలికి వెళ్లకండి. 2016లో అమెరికాలోని రోడ్ ఐలాండ్ ప్రచార వీడియోలో ఐస్‌లాండ్‌లోని కచేరీ భవనం కనిపించి పరువు పోయింది. 2023లో ఫిలిప్పీన్స్ వీడియోలో ఇండోనేషియా, థాయిలాండ్ దృశ్యాలు బయటపడితే ఏజెన్సీ క్షమాపణ చెప్పింది, అయినా కాంట్రాక్ట్ పోయింది.

అన్నట్టు, ఆ ఏడింటినీ వద్దన్నది ఒక్కరేనా, ఒక్కోసారి ఒక్కొక్కరా? వేర్వేరు మనుషులైతే, చివరి సంతకం ఎవరిదో ముందు కనుక్కోండి. మాకది తెలియడానికే నెల పట్టింది.