పెల్టియర్ ప్లేటు పెడితే కంప్యూటర్ మోత తగ్గుతుందా?

ఫ్యాన్ మోత భరించలేకపోతున్నాను, పెల్టియర్ ప్లేటు (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడి, రెండోవైపు వేడెక్కే పలక) కొని ప్రాసెసర్ మీద బిగిస్తే చప్పుడు లేకుండా చల్లబడుతుందా అని అడిగారు. చల్లదనం మాట దేవుడెరుగు, మోత మాత్రం పెరుగుతుంది. మా బావ సిస్టంలో కళ్లారా చూశాను.

బావ వాళ్లది కాకినాడ. హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో 12706 అనే మోడల్ పెల్టియర్ ప్లేటు కొన్నాడు. నాలుగు సెంటీమీటర్ల తెల్ల పలక, రెండు వైర్లు, అంతే. హీట్‌సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) మీద పెట్టి కరెంటు ఇవ్వగానే పైన మంచు పేరుకుంది. "చూశావా బామ్మర్దీ, ఫ్రిజ్!" అంటూ వంటింట్లో ఉన్న అక్కని కూడా లాక్కొచ్చి చూపించాడు.

దాన్నే ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య బిగించాక తెలిసింది అసలు సంగతి. ఊరికే ఉన్నంతసేపు బాగానే ఉంది. మేనల్లుడు గేమ్ మొదలుపెట్టాడో లేదో, హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయింది, ఫ్యాన్ పిండిమర అయిపోయింది. ఆపి విప్పితే ప్రాసెసర్ కూర్చునే సాకెట్ చుట్టూ నీటి బొట్లు! కాకినాడ ఉక్కలో 20 డిగ్రీలకి దిగిన లోహానికి చెమట పట్టక ఏమవుతుంది? బోర్డు కాలిపోలేదు, అదృష్టం.

ఆ ప్లేటు వేడిని మాయం చెయ్యదండీ. ఇటు నుంచి అటు తోస్తుంది, తోసినందుకు తను తాగిన కరెంటంతా వేడిగా మార్చి అటే కలుపుతుంది. 12 వోల్టులకి దాదాపు 50 వాట్లు తాగుతుంది. మీ ప్రాసెసర్ 65 వాట్లదైతే, హీట్‌సింక్ మీద పడేది 115. మరి ఫ్యాన్ అరవదా? కంపెనీ ఇచ్చే డేటాషీట్‌లో రెండు వైపులకీ మధ్య 66 డిగ్రీల తేడా అని చూసి మురిసిపోకండి, అంత తేడా దగ్గర అది మోసే వేడి సున్నా. ఇంటెల్ వాళ్లే 2020లో క్రయో కూలింగ్ పేరుతో దీన్ని వాటర్ కూలర్‌కి జోడించి తెచ్చారు, అదీ ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని మామూలు వేగం కన్నా ఎక్కువగా నడపడం) చేసేవాళ్లకోసం. 2023లో ఆపేశారు.

నన్నడిగితే నూటికి తొంభై సిస్టంలలో మోతకి కారణం దుమ్మే. బావ హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము గొంగళిలా అట్టకట్టి ఉంది. పెయింట్ బ్రష్‌తో దులిపి, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాసి, ప్రాసెసర్ వేడి 60 డిగ్రీలకి చేరేదాకా ఫ్యాన్ నెమ్మదిగా తిరిగేలా బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) మార్చాం. ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే చప్పుడు 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. ఇక ఆ పలకతో పనేముంది?

ఇంకో దరిద్రం ఈ గాజు క్యాబినెట్లు. ముందంతా అద్దం, లోపల రంగురంగుల లైట్లు, గాలి వెళ్లడానికి వేలెడు సందు. షాపువాడేమో "ఇంకో రెండు ఫ్యాన్లు వేయించుకోండి సార్" అంటాడు. గాలి వచ్చే దారే లేకపోతే ఆరు ఫ్యాన్లు పెట్టినా అరుపు తప్ప ఏముంటుంది? మీ క్యాబినెట్ కూడా అలాంటిదేనా? అయితే ఓసారి ముందు ప్యానెల్ ఊడదీసి నడిపి చూడండి.