ఏడు సీట్ల లగ్జరీ ఎస్‌యూవీ: ఆప్షన్ల కంటే ముందు చూడాల్సిన ఇంటి లెక్క

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నేను ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో మేనేజర్‌ని. నా భార్య దంతవైద్యురాలు, సొంత క్లినిక్ నడుపుతోంది. పన్నులు పోను ఇద్దరికీ కలిపి నెలకు రూ.5.20 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణం ఈఎంఐ రూ.78,000, సిప్‌లు రూ.1.20 లక్షలు, పిల్లల ఫీజులతో సహా ఇంటి ఖర్చులు రూ.1.60 లక్షలు. ఎఫ్‌డీల్లో రూ.48 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో రూ.60 లక్షలు ఉన్నాయి. అమ్మానాన్నలు మాతోనే ఉంటారు, పిల్లల వయసు 13, 8 ఏళ్లు. రెండు నెలలకోసారి అందరం నరసరావుపేట వెళ్లి వస్తాం. ఏడు సీట్ల లగ్జరీ ఎస్‌యూవీ తీసుకోవాలనుకుంటున్నాం. కారు ధర రూ.85 లక్షలు, మేం ఎంచుకున్న ఆప్షన్లు రూ.10 లక్షలు. ఎఫ్‌డీలన్నీ తీసేసి, మిగతా రూ.70 లక్షలు ఏడేళ్ల రుణం తీసుకోవాలని ఆలోచన. ఆప్షన్లలో ఏవి ఉంచుకోవాలి? అసలు ఈ కారు మా ఆదాయానికి తగినదేనా?

జవాబు: మీరు ఆప్షన్ల గురించి ముందు అడిగారు కానీ, మీ రెండో ప్రశ్నకే ముందుగా జవాబు చెప్పాలి. మీరు రాసిన పద్ధతిలో, అంటే ఎఫ్‌డీలన్నీ ఖాళీ చేసి ఏడేళ్ల రుణంతో, ఈ కారును ఇప్పుడు కొనవద్దు. ఆదాయం చాలదని కాదు. నెలనెలా మీకు మిగులుతున్న సొమ్మంతా ఒక్క కారే తీసుకుంటుంది, అదీ మీ పెద్దబ్బాయి కాలేజీలో అడుగుపెట్టే సంవత్సరాల్లో.

ముందు లెక్క చూద్దాం. కారు, ఆప్షన్లు కలిపి ఇన్వాయిస్ రూ.95 లక్షలు. జీవితకాల పన్నును సులువుగా ఉండేందుకు 20 శాతంగా తీసుకుంటే రూ.19 లక్షలు. బీమాకు సుమారు రూ.3 లక్షలు, 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలరు వసూలు చేసే ఆదాయపు పన్ను) రూ.95,000 కలిపితే కారు రోడ్డెక్కేసరికి రూ.1.18 కోట్లు అవుతుంది. ఇందులో టీసీఎస్ మాత్రం మీ పాన్ మీద ఆదాయపు పన్ను శాఖ రికార్డుల్లో కనిపిస్తుంది. రిటర్ను దాఖలు చేసేటప్పుడు దాన్ని పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి మరిచిపోకండి. రూ.70 లక్షల రుణానికి 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు ఈఎంఐ సుమారు రూ.1,12,600 పడుతుంది, మొత్తం వడ్డీ రూ.24.6 లక్షలు. రెండో ఏడాది నుంచి బీమా కోసం నెలకు రూ.20,000, పెట్రోలుకు రూ.12,000, సర్వీసు, టైర్ల కోసం రూ.15,000 పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే రూ.1.60 లక్షలు. మీ ఖర్చులు, సిప్‌లు పోను ఇప్పుడు మిగులుతున్నది రూ.1.62 లక్షలు. ఇన్నాళ్లూ ఎఫ్‌డీలుగా మారింది ఆ మిగులే. ఎఫ్‌డీలు ఒకేసారి ఖాళీ అయి, వాటిని నింపే మిగులు కూడా నెలకు రూ.2,000కు పడిపోయాక క్లినిక్‌లో రెండు నెలలు రాబడి తగ్గినా, ఉద్యోగంలో చిన్న అవాంతరం వచ్చినా సిప్‌లు ఆపడం తప్ప దారి ఉండదు.

ఇక ఆప్షన్ల సంగతికి వస్తాను. ఆప్షన్ ధర బ్రోచర్‌లో కనిపించే అంకె దగ్గర ఆగిపోదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ 40 శాతం. అంతకు ముందు సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది కాబట్టి భారం తగ్గిన మాట నిజమే. అయినా కంపెనీ బిగించి ఇచ్చే ప్రతి వస్తువూ కారుతో పాటే ఇన్వాయిస్‌లోకి వెళ్తుంది. పన్నుకు ముందు లక్ష రూపాయల విలువ చేసే ఒక ఆప్షన్ జీఎస్టీతో రూ.1.40 లక్షలు, దాని మీద జీవితకాల పన్నుతో రూ.1.68 లక్షలు అవుతుంది. దాన్ని కూడా ఏడేళ్ల రుణంలోనే కలిపేస్తే చివరికి మీ జేబులోంచి వెళ్లేది రూ.2.27 లక్షలు. కారు అమ్మేటప్పుడు కొనేవారు మోడల్, ఏడాది, తిరిగిన కిలోమీటర్లు చూసి ధర కడతారే తప్ప, స్పీకర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి అదనంగా ఇవ్వరు.

అందుకే ప్రతి ఆప్షన్‌కూ నేను రెండు ప్రశ్నలు వేస్తాను. కారు తీసుకున్నాక బయట బిగించుకోవడం కుదరనిదా? మీ ఇంట్లో ఫలానా మనిషికి ప్రతి ప్రయాణంలోనూ పనికొచ్చేదా? రెండింటికీ అవునని జవాబు వస్తేనే దాన్ని ఉంచుకోండి.

ఆ మధ్య ఒక క్లయింట్ కుటుంబంతో కలిసి షోరూమ్‌కి వెళ్లాను. సేల్స్ కుర్రాడు సౌండ్ సిస్టమ్ గొప్పతనం వివరిస్తున్నాడు. అదే సమయంలో వాళ్ల అమ్మగారు వెనక తలుపు దగ్గర పైనున్న పట్టీ పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, రెండో మోకాలు వంగక అలాగే నిలబడిపోయారు. కొడుకు వెళ్లి నడుము పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. తరవాత ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి తెప్పించి, కిందికి దించి చూపిస్తే ఆవిడ ఎవరి సాయమూ లేకుండా కూర్చున్నారు. మీ అమ్మానాన్నలను కూడా టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్లండి. వాళ్లు ఎక్కి దిగడం చూశాక ఆప్షన్ల జాబితాలో సగం మీరే కొట్టేస్తారు. ఎయిర్ సస్పెన్షన్ వారంటీ దాటాక పాడైతే బాగుచేయించడం బాగా ఖరీదైన వ్యవహారం కాబట్టి, అది తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ కూడా తీసుకోవాల్సిందే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, సర్వీస్ ప్యాకేజీ సేవల కిందికి వస్తాయి కాబట్టి వాటి మీద జీఎస్టీ 18 శాతమే. విడిగా బిల్లు చేయిస్తే జీవితకాల పన్ను కూడా వాటికి తగలదు. షోరూమ్ వాళ్లు చివర్లో చెప్పే వీటికే నేను మొదటి స్థానం ఇస్తాను.

మీ ఇంట్లో ఆరుగురు ఉన్నారు కాబట్టి నరసరావుపేట ప్రయాణంలో కనీసం ఒకరైనా మూడో వరసలో కూర్చోవాలి. ఆ వరసకు ఏసీ గాలి సరిగా అందుతుందో లేదో మధ్యాహ్నం ఎండలో కూర్చుని చూడండి. ఈ ధరల్లో ఆడి క్యూ7, వోల్వో ఎక్స్‌సీ90 ఏడు సీట్లతో వస్తాయి. బీఎండబ్ల్యూ ఎక్స్5, మెర్సిడెస్ జీఎల్ఈ మన దేశంలో ఐదు సీట్ల కార్లు. ఎక్స్‌సీ90ని దాదాపు అన్ని సదుపాయాలతో ఒకే వేరియంట్‌గా అమ్ముతున్నారు కాబట్టి అక్కడ ఆప్షన్ల ఆలోచనే పెద్దగా ఉండదు. గాలి వచ్చే సీట్లు మన ఎండలకు నిజంగా ఉపయోగపడతాయి, తరవాత బిగించుకోవడం కుదరదు కాబట్టి ఉంచుకోండి. 21 అంగుళాల చక్రాలు మాత్రం వద్దు. టైరు పక్కభాగం సన్నగా ఉండటం వల్ల గుంతలో పడితే టైరు చీలడమో, రిమ్ వంగడమో జరుగుతుంది, కొత్త టైరు ధరా ఎక్కువే. పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, కోటింగులు షోరూమ్‌లోనే చేయించాలన్న నియమం లేదు.

బీమా కూడా షోరూమ్‌లోనే తీసుకోనక్కర్లేదు, బయట కొటేషన్లు తెప్పించుకోండి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. ఖరీదైన బంపర్లు ఉండే ఇలాంటి కారుకు జీరో డిప్రీసియేషన్ (తరుగు కోయకుండా చెల్లించే రైడర్, అంటే అదనపు రక్షణ) లేకుండా పాలసీ తీసుకోకూడదు. ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే బీమా సంస్థ ఇచ్చే గరిష్ఠ మొత్తం, రెండో ఏడాది దాటగానే ధరలో 70 శాతానికి, నాలుగో ఏడాది దాటగానే సగానికి వస్తుంది కాబట్టి మొదటి మూడేళ్లు రిటర్న్ టు ఇన్వాయిస్ (అలాంటప్పుడు ఇన్వాయిస్ ధర ఇచ్చే రైడర్) కూడా ఉంచండి. 2020 అక్టోబరు వానల్లో నా క్లయింట్ ఒకరి కారు సెల్లార్‌లో మునిగింది. నీళ్లు తగ్గాక ఆయన స్టార్ట్ చేయడంతో ఇంజిన్ పోయింది, ఇంజిన్ ప్రొటెక్షన్ లేకపోవడంతో మరమ్మతు ఖర్చు మొత్తం ఆయనే భరించారు. మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్ సెల్లార్‌లో ఉంటే ఆ రైడర్ తప్పనిసరి. బయట బిగించుకున్న ఎలక్ట్రికల్ వస్తువులేమైనా ఉంటే పాలసీలో విడిగా రాయించండి, లేకపోతే క్లెయిమ్‌లో వాటికి పైసా రాదు.

కారు ఎవరి పేరు మీద ఉండాలన్నదీ ఆలోచించండి. మీ పేరు మీద ఇప్పటికే కారు ఉంటే రెండో కారుకు జీవితకాల పన్ను మరో 2 శాతం పెరుగుతుంది. మీ శ్రీమతి పేరు మీద వాహనం లేకపోతే ఆమె పేరుతో తీసుకోవడం మేలు. ఆమె క్లినిక్ పనికి కారును వాడినంత మేరకు ఏటా 15 శాతం తరుగుదలను, రుణ వడ్డీని వృత్తి ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇందుకు రుణం కూడా ఆమె పేరు మీదే ఉండాలి. అయితే ఆమె అంచనా ఆదాయ పద్ధతిలో, అంటే రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి రిటర్ను వేస్తుంటే ఈ ఖర్చులు విడిగా చూపడానికి వీలుండదు. జీతం మీద ఆధారపడిన మీకు సొంత కారు రుణం మీద ఎలాంటి మినహాయింపూ లేదు.

మరి ఏం చేయాలి? మీ ఇంటికి పెద్ద కారు అవసరం ఉందనే నేనూ అనుకుంటున్నాను. పెద్దవాళ్లతో, పిల్లలతో అంత దూరం వెళ్లేవారికి సౌకర్యం విలాసమని నేను అనను. అందుకే రెండు మూడేళ్లు వాడిన అదే తరగతి కారును చూడమంటాను. అధిక జీఎస్టీ, జీవితకాల పన్ను, తొలి ఏళ్ల తరుగు అన్నీ మొదటి యజమాని భరించేశారు. ఆప్షన్ల ధర అన్నిటికంటే వేగంగా పడిపోతుంది కాబట్టి, మీరు పది లక్షలు పెట్టాలనుకున్న సదుపాయాలు ఆ కారులో దాదాపు ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న బండే తీసుకోండి, వేరే రాష్ట్రానిదైతే ఇక్కడ మళ్లీ పన్ను కట్టాలి. కంపెనీ సర్వీస్ చరిత్ర, బీమా క్లెయిముల వివరాలు, బ్యాంకు ఎన్‌ఓసీ (పాత రుణం తీరిందన్న పత్రం) చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. వరదలో మునిగిన బండి కాదని స్వతంత్ర మెకానిక్‌తో పరీక్ష చేయించండి.

అలాంటి కారు రూ.60 లక్షల చుట్టుపక్కల దొరికితే ఎఫ్‌డీల నుంచి రూ.25 లక్షలు తీసి, మిగతా రూ.35 లక్షలు ఐదేళ్ల రుణం తీసుకోండి. పాత కార్ల మీద వడ్డీ ఎక్కువ కాబట్టి 10.5 శాతం వేసుకున్నా ఈఎంఐ సుమారు రూ.75,200 అవుతుంది. ఎఫ్‌డీల్లో మిగిలే రూ.23 లక్షలు ఆరు నెలల ఖర్చులకు, ఈఎంఐలకు సరిపోతాయి. రూ.1.20 లక్షల సిప్‌లు ఎక్కడా ఆగవు. మీ పెద్దబ్బాయికి 18 ఏళ్లు వచ్చేసరికి రుణం తీరిపోయి ఉంటుంది. రుణం ఫిక్స్‌డ్ వడ్డీదైతే ముందుగా తీర్చినందుకు రుసుము ఎంతో సంతకానికి ముందే రాయించుకోండి. ఎలక్ట్రిక్ కారు మీద జీఎస్టీ 5 శాతమే, తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు జీవితకాల పన్ను మినహాయింపు కూడా ఉంది కాబట్టి, కొత్త కారే కావాలనుకుంటే నరసరావుపేట దారిలో చార్జింగ్ స్టేషన్లు ఎక్కడున్నాయో చూసి, ఆ లెక్క కూడా ఒకసారి వేసుకుని నాకు రాయండి.