పోర్టర్ అంటే మోసేవాడా, కాపలా కాసేవాడా?

సందేహం: ఒక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. అందులో ఆక్స్‌ఫర్డ్ కాలేజీ గేటు దగ్గర తాళాలు, ఉత్తరాలు చూసుకునే మనిషిని ‘పోర్టర్’ అన్నారు. నాకు తెలిసిన పోర్టరు రైల్వేస్టేషన్‌లో సామాన్లు మోస్తాడు. ఏది సరైన అర్థం?

సమాధానం: రెండూ సరైనవే. పైకి ఒకటిగా కనిపిస్తున్నా ఇవి రెండు వేరువేరు మాటలు. లాటిన్‌లో ‘పోర్టా’ అంటే ద్వారం. దాన్ని కాసేవాడు ‘పోర్టారియుస్’. ‘పోర్టారె’ అంటే మోయడం. మోసేవాడు ‘పోర్టాటోర్’. రెండూ ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషు చేరేసరికి చివరలు అరిగిపోయి ఒకే పోర్టర్ మిగిలాడు. పోర్టల్, పోర్టికో ద్వారం వైపు చుట్టాలు. ఇంపోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, పోర్టబుల్ మోత వైపువి. ఇంకా వెనక్కి వెళితే ఈ రెండు వంశాలకూ మూలం ‘దాటడం’ అనే అర్థమున్న ఒకే ధాతువు. గుమ్మం మనం దాటేది, మోత మనం దాటించేది!

ద్వారం దగ్గర నిలబడే మరో ఇంగ్లీషు మాట ‘అషర్’, అంటే వచ్చినవాళ్ళని లోపలికి తీసుకెళ్ళేవాడు. నాకు దీనిమీద ప్రత్యేకమైన ఇష్టం. దాని మూలం లాటిన్ ‘ఓస్టియుమ్’, అంటే గుమ్మం. అది ‘ఓస్’ నుంచి, అంటే నోటి నుంచి పుట్టింది. మన వాకిలిలో ఉన్నదీ నోరే. ‘నోరూ వాయీ లేనివాడు’ అంటామే, ఆ వాయి అంటే నోరు. కన్నడంలో నోరు బాయి, తలుపు బాగిలు. తమిళంలో వాయ్, వాయిల్. లాటిన్‌తో ఏ బంధుత్వమూ లేని మన భాషలూ ఇంటి గుమ్మాన్ని నోరుగానే చూశాయంటే ఎంత ఆశ్చర్యం!

ఇక మీ అనువాదం సంగతి. ‘ద్వారపాలకుడు’ వద్దు, ఆ మాట వినగానే తెలుగువాళ్ళకి వైకుంఠమూ జయవిజయులూ గుర్తొస్తారు. ‘వాచ్‌మన్’ అంటే రాత్రి కాపలా ఒక్కటే తోస్తుంది. నేనైతే ‘గేటు కాపలాదారు’ అని రాసి, తాళాల గుత్తి, ఉత్తరాల అర కథలో కనిపించేలా చూసుకుంటాను. అతను కూర్చునే చోటుని అక్కడ ‘పోర్టర్స్ లాడ్జ్’ అంటారు. దాన్ని లాడ్జి అని రాశారో, పాఠకులు అద్దెకు గదులిచ్చే చోటు అనుకుంటారు. ‘గేటు గది’ చాలు. స్టేషన్ పోర్టరుని మాత్రం పోర్టరుగానే ఉంచండి, ఆ మాట ఎప్పుడో తెలుగైపోయింది.

ఇంకొక్క జాగ్రత్త. నవలలో ఎవరైనా పోర్టర్ ‘తాగితే’ అది ముదురు రంగు బీరు. 18వ శతాబ్దిలో లండన్ మోతపనివాళ్ళు ఇష్టంగా తాగడం వల్ల దానికి వాళ్ళ పేరే వచ్చింది.