పాత ఫ్యాను, పాత చీర, అటక మీది ఇత్తడి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి: ఇంట్లో ఉన్నది ఇంకా పనికొస్తుందా, కొత్తది కొనాలా అని. వాటిలోంచి ఆరు తీసుకున్నాం.

ప్రశ్న: మేం నలుగురం. వంటింటి డబ్బాల్లో సరుకులు పేరుకుపోయాయి. పాలు, కూరగాయలు తప్ప ఏమీ కొనకుండా ఒక నెల గడపాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకురాలు, తెనాలి

తూకంతో. డబ్బాలన్నీ ఒకసారి కిందికి దించి, ఏది ఎంతుందో కాగితం మీద రాయండి. త్రాసు లేకపోతే రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు చాలు. అది 180 మిల్లీలీటర్లది, అంచు దాకా సమంగా పోసి కొలిస్తే సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. పెద్దవాళ్లకు పూటకు తలా 100 గ్రాముల బియ్యం, 40 గ్రాముల పప్పు చొప్పున లెక్క కట్టండి. రెండు పూటలా అన్నమే తింటే నలుగురికి నెలకు 24 కిలోల బియ్యం. రాత్రిపూట రొట్టో ఉప్మావో చేసుకుంటే అందులో సగం. వారానికి నాలుగు రోజులు పప్పు వండితే నెలకు రెండున్నర కిలోలు దాటుతుంది. ఈ లెక్క వేశాక చాలా ఇళ్లలో బయటపడేది ఒకటే: బియ్యం, పప్పు సరిపోతాయి, నూనె, చింతపండు, ఎండుమిర్చి సరిపోవు. ఆ మూడింటికి కొంత డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. లేకపోతే మూడో వారంలో నూనె ప్యాకెట్టు కోసం వెళ్లి సంచి నింపుకొని వస్తారు.

ఇక ఏది ముందు వాడాలి? నూనె ఉన్నవి ముందు. వేరుశెనగ గుళ్లు, నువ్వులు, ఎండుకొబ్బరి, సజ్జపిండి, గోధుమపిండి త్వరగా పాడైన నూనె వాసన వేస్తాయి. వీటిలో సజ్జపిండిది మరీ తొందర, దాన్ని మొదటి వారంలోనే అవగొట్టండి. తర్వాత రవ్వ, సేమ్యా, అటుకులు. ఆ తర్వాత పెసలు, బొబ్బర్లు, శనగల్లాంటి పొట్టు గింజలు. పప్పుగా విరగ్గొట్టినవాటి కన్నా పొట్టు గింజలకే పుచ్చు ఎక్కువ. పెంకుపురుగు గుడ్లు పెట్టేది ఆ పొట్టు మీదే. బియ్యం ఆఖర్న.

గింజల్లో అక్కడక్కడా గుండ్రటి చిల్లులు కనిపిస్తే నీళ్లలో పోయండి. డొల్లవి తేలతాయి, వాటిని వంచేసి మునిగినవి ఆ రోజే వండేయండి. సగం గింజలకు చిల్లులుంటే, చేదు వాసన కొడితే పారేయడమే మేలు. పురుగు ఇంకా పట్టని గింజల్ని గాలి చొరని సంచిలో కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే లోపలి గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకండి, చెమ్మ పడుతుంది. అది గది వేడికి వచ్చాక విప్పండి. పప్పుల్ని ఎండలో పెట్టవచ్చు. బియ్యాన్ని మాత్రం నడి ఎండలో పోయకండి, గింజ పగిలి నూకవుతుంది. నీడన ఆరబోసి చెరిగితే ముక్కపురుగు దానంతటదే పాకిపోతుంది.

పాత కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదని ఇంకో ఇద్దరు రాశారు. వేడిలో, చెమ్మలో నెలల తరబడి ఉంటే పప్పు గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టండి. పూర్తిగా మెత్తబడేదాకా చింతపండు, టమాటా వేయకండి, పులుపు తగిలిన పప్పు అక్కడే ఆగిపోతుంది. బోరు నీళ్లు బాగా గట్టివైతే తాగే నీళ్లతో ఉడకబెట్టి చూడండి. వంటసోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది కానీ బి విటమిన్లు కొంత పోతాయి, రుచీ మారుతుంది.

డబ్బా అడుగున మిగిలిన ఆవకాయ గుజ్జు ఎండిపోతే నువ్వుల నూనె కాచి, పూర్తిగా చల్లారాక పోసి కలపండి. పైన బూజు కనిపిస్తే ఆ పొర తీసేసి మిగతాది తినడం వద్దు. బూజు పట్టిన, నల్లబడిన వేరుశెనగ గుళ్లదీ అదే సంగతి. వాటిలోని విషం వేయించినా పోదు.

ప్రశ్న: పన్నెండేళ్ల సీలింగ్ ఫ్యాను 5లో పెట్టినా 2లో తిరుగుతున్నట్టే ఉంది. కొత్తది కొనమంటున్నారు. — ఒక పాఠకుడు, ఖమ్మం

ముందు రెక్కలు తుడవండి, ముఖ్యంగా గాలిని కోసే అంచు. అక్కడ దుమ్ము అట్ట కట్టినా వేగం తగ్గుతుంది. తుడిచినా మారకపోతే పదింట తొమ్మిదిసార్లు అది కెపాసిటర్, అంటే మోటారు తిరగడానికి ఊపు ఇచ్చే చిన్న భాగం. మామూలు 48 అంగుళాల ఫ్యాన్లలో ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి దాని సామర్థ్యం తగ్గిపోతుంది, మోటారు మాత్రం బాగానే ఉంటుంది. స్విచ్చి వేశాక ఫ్యాను కదలకుండా ఉండి, కర్రతో ఒకసారి తోస్తే తిరగడం మొదలుపెడితే ఇక అనుమానం అక్కర్లేదు.

మార్చడం పది నిమిషాల పని. గోడ స్విచ్చి ఆపి ఊరుకోకండి, మెయిన్ ఆపండి. వైరింగ్ తారుమారుగా చేసిన ఇళ్లలో స్విచ్చి ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. రాడ్డు మీది కప్పు జరిపితే రెండు తీగలున్న చిన్న డబ్బా కనిపిస్తుంది. తీగలు ఎక్కడ కలిశాయో ఫోనులో ఫొటో తీసుకోండి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌తో కెపాసిటర్ రెండు కొసల్నీ ఒకసారి తాకించి, మిగిలిన కరెంటు పోగొట్టండి. పాతది తీసి, దాని మీద ఉన్న అంకె ఉన్నదే కొత్తది పెట్టండి. రెండు తీగల్లో ఏది ఎటు కలిపినా ఒకటే. "పెద్దది వేస్తే ఇంకా జోరుగా తిరుగుతుంది" అని దుకాణంలో 3.15 ఇస్తే తీసుకోకండి, మోటారు లోపలి తీగచుట్ట వేడెక్కి కాలిపోవచ్చు. ఖర్చు వంద రూపాయల లోపే.

కరెంటు ఆపి చేత్తో తిప్పినప్పుడు గరగర శబ్దం వచ్చినా, తిప్పగానే ఆగిపోయినా బేరింగులు పోయినట్టు. చాలా ఫ్యాన్లలో 6202, 6201 ఉంటాయి. పాత బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది, అదే అడగండి. విప్పేటప్పుడు ఏ రెక్క ఎక్కడిదో గుర్తు పెట్టుకోకపోతే బిగించాక ఫ్యాను ఊగుతుంది. కాలిన వాసన వస్తే మాత్రం చుట్ట పోయింది. చుట్ట మళ్లీ చుట్టడానికి కొత్త ఫ్యాను ధరలో సగం అడిగితే వదిలేయండి.

కొత్త ఫ్యాను ఎప్పుడూ దండగే అని కూడా అనలేం. పాతది 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు 15 గంటలు తిరిగే హాలు ఫ్యానైతే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఆరు గంటలే తిరిగే పడకగదిలో 8 యూనిట్లు. మీ బిల్లు మీది యూనిట్ ధరతో గుణించి మీరే తేల్చుకోండి.

ప్రశ్న: మిక్సీ మోటారు శబ్దం వస్తోంది, జారులో బ్లేడు తిరగడం లేదు. — ఒక పాఠకురాలు, ఒంగోలు

మోటారు తిప్పుడును బ్లేడుకు అందించే పళ్ల ముక్క, అంటే కప్లర్, అరిగింది. మోటారు మీద ఉన్నదీ, జారు అడుగున ఉన్నదీ రెండూ చూడండి. జారు ఇరుక్కున్నప్పుడు మోటారు కాలకుండా ముందు తాను విరగడమే దాని పని, అందుకే మెత్తటిది పెడతారు. పాత ముక్క పట్టుకెళ్లి దానికి సరిపోయేదే తీసుకోండి. అసలు శబ్దమే రాకపోతే ప్లగ్గు తీసి, అరగంట ఆగి, అడుగున ఎర్ర బొత్తాం నొక్కండి. జారు కింద నల్లటి నీరు కారితే బ్లేడు ఇరుసు చుట్టూ ఉండే బుష్ అరిగింది. దాన్ని ఆలస్యం చేయకండి, ఆ నీరు మోటారులోకి దిగితే అప్పుడు నిజంగానే కొత్త మిక్సీ కొనాలి.

ప్రశ్న: అమ్మ కట్టి వదిలేసిన నూలు చీరలు ఆరు ఉన్నాయి. బొంత కుట్టాలంటే ఎన్ని పడతాయి? మిషను మీద కుట్టవచ్చా? — ఒక పాఠకురాలు, సిద్దిపేట

ఆరు చీరలకు ఒక చిన్న బొంత, ఒక పెద్ద బొంత వస్తాయి. చీర పొడవు ఐదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 6 అడుగులు. వెడల్పు నాలుగు అడుగులకు కాస్త తక్కువ. రెండు చీరల నుంచి వచ్చే ఆరు ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిస్తే ఒక్కరికి సరిపోయే ఆరు పొరల బొంత. మిగతా నాలుగు చీరలకు పన్నెండు ముక్కలు. వీటిని రెండేసి పక్కపక్కన కలిపి కుడితే ఏడున్నర అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పుతో ఆరు పొరలు. ఎండాకాలానికైతే నాలుగు పొరలు చాలు.

ముందుగా ఫాల్స్, జరీ అంచు విప్పేయండి. జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, ఫాల్స్ దగ్గర సూది దిగదు. గంజి పూర్తిగా పోయేలా ఉతకండి, గంజి ఉన్న బట్టకు బొద్దింకలు చేరతాయి. ముదురు ఎరుపు, నీలం చీరల్ని విడిగా నానబెట్టి, రంగు దిగుతోందేమో చూడండి. దిగితే వాటిని తెల్లవాటితో కలపవద్దు. తర్వాత ప్రతి ముక్కనూ రెండు చేతులతో లాగి చూడాలి. గట్టిగా నిలిచినవి పైకీ కిందికీ, కాస్త చిరిగినవి మధ్యలోకి. లాగగానే చర్రున చిరిగిపోయేది బొంతలోకి పనికిరాదు, మసిగుడ్డలకు వాడుకోండి. పాలియెస్టర్ కలిపిన చీర ఒక్కటి కూడా పెట్టకండి. జారుతుంది, చెమట పీల్చదు.

పెద్ద బొంతలో అన్ని పొరల అతుకులూ ఒకే చోట పడితే వీపు కింద గట్టు కట్టినట్టు ఉంటుంది. ఒక్కో పొర అతుకును మూడు అంగుళాలు పక్కకు జరపండి. నేల మీద పరచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, మధ్యలోంచి అంచుల వైపు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేయండి. బొంతలు చెడేది ఎక్కువగా ఇక్కడే. అంచు నుంచి మొదలుపెడితే బట్టంతా మధ్యకు చేరి ఉబ్బుతుంది, ఆ తర్వాత ఎంత లాగినా సర్దుకోదు.

కుట్టు మందపాటి నూలు దారంతో వేయండి. దారానికి మైనం పట్టిస్తే చిక్కుపడదు. మిషను దారం ఒంటిగా తెగుతుంది, అదే ఉంటే జంట చేయండి. అర అంగుళానికి మించని కుట్లు, వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల ఎడం. చిన్న బొంతకే 32 వరసలు, అంటే 190 అడుగులకు పైగా కుట్టు. వానాకాలంలో మొదలుపెడితే చలికి అందుతుంది! మిషను మీద నాలుగు పొరల దాకా కుట్టవచ్చు. 16 లేదా 18 నంబరు సూది, పొడవు కుట్టు పెట్టండి. మిషను పాదం పై పొరను ముందుకు తోస్తుంది కాబట్టి టాకాలు ఇంకా దగ్గరగా వేయాలి. ఉతికాక తడి బొంతను ఒక్క మూల పట్టి ఎత్తకండి, ఆ బరువుకు కుట్లు తెగుతాయి. రెండు తాళ్ల మీద పరిచినట్టు ఆరేయండి.

ప్రశ్న: అటక మీద నానమ్మ నాటి ఇత్తడి గిన్నెలు ఉన్నాయి. వండుకోవచ్చా, పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేయాలా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

కళాయి పెట్టిస్తే వండుకోవచ్చు. లోపల వెండిలా తెల్లగా ఉంటే కళాయి ఉన్నట్టు. పసుపు, ఎరుపు కనిపిస్తే పోయినట్టు. అలాంటి గిన్నెలో చారు, పులుసు, మజ్జిగ పెడితే రాగి అందులోకి దిగుతుంది, చిలుము కడుతుంది, తిన్నవాళ్లకు వాంతులవుతాయి.

కళాయి అంటే తగరపు పూత. గిన్నె లోపల శుభ్రంగా తోమి, కాల్చి, నవాసాగరం పొడి చల్లి, కరిగిన తగరాన్ని దూదితో అంతటా రుద్దుతారు. మీరు దగ్గరుండి చూడాల్సింది ఒక్కటే: తగరం కడ్డీ. సీసం కలిసిన టంకం కడ్డీ చవక, అది వాడితే గిన్నె మెరుస్తుంది గానీ తిండిలోకి సీసం వస్తుంది. స్వచ్ఛమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే చిటపటమంటుంది. సీసం ఎక్కువగా ఉన్నది మసకగా ఉండి, కాగితం మీద గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. మాటు వేసిన గిన్నెలైతే అతుకులో సీసం ఉండవచ్చు, వాటిని పూలు పెట్టుకోవడానికి వాడండి.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని ఖాళీ గిన్నెను పొయ్యి మీద పెట్టకూడదు, తాలింపు, వేపుళ్లు అందులో చేయకూడదు. పప్పు, పాయసం, పొంగలి లాంటి నీటి వంటలకు బాగుంటుంది. చెక్క గరిటె వాడండి. లోపల స్టీలు పీచు, ఇసుక వద్దు, బయట మాత్రం చింతపండుతో ఎంతైనా తోమండి. ఇండక్షన్ పొయ్యి మీద ఇత్తడి వేడెక్కదు.

ప్రశ్న: పొదుపు పేరుతో మా ఇంట్లో గ్యాస్ ట్యూబు కూడా మార్చనివ్వడం లేదు. ఇలాంటివి ఎన్నాళ్లు వాడవచ్చు? — ఒక పాఠకురాలు, అనంతపురం

ఇందులో పొదుపు లేదు. నారింజ రంగు సురక్షా ట్యూబు ఐదేళ్లకు మార్చాలి, తేదీ దాని మీదే ముద్రించి ఉంటుంది. కుక్కర్ రబ్బరు గట్టిపడి పక్కల నుంచి ఆవిరి పోతే అదీ మార్చాలి. కుక్కర్ సేఫ్టీ వాల్వు కరిగిపోతే మాత్రం ఎం-సీల్‌తో గానీ, మరో దానితో గానీ మూయకండి. ఆ కంపెనీదే, ఆ కుక్కర్‌కు చెప్పినదే వేయాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి నురుగు నలిగిపోయి ఉంటుంది, పైకి గీత కూడా కనిపించకపోవచ్చు. అది మార్చాల్సిందే. ఇస్త్రీ పెట్టె తీగ పైతొడుగు పగిలితే టేపు చుట్టకండి, తీగ మొత్తం వేయించండి.

కొత్త గ్యాస్ ట్యూబు బిగించాక రెండు కొసలకూ సబ్బు నురుగు రాసి, రెగ్యులేటర్ తెరిచి చూడండి. బుడగలు వస్తే వెంటనే మూసేసి మళ్లీ బిగించాలి. అగ్గిపుల్ల గీసి చూడడం మాత్రం వద్దు.