బిస్కెట్ ప్యాకెట్ బార్‌కోడ్

గాంధీనగర్, విజయవాడ

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నీ సంగీత పత్రిక గుంటూరు నుంచి వచ్చి పది రోజులైంది. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను. చివరి అట్ట తిప్పగానే కోపం వచ్చి కలం పక్కన పెట్టేశాను. ఆ బార్‌కోడ్ ఎందుకమ్మా? కళాశాల ఆవరణలో చేతికిచ్చే పత్రికకు దాన్ని చదివే యంత్రం ఎక్కడిది? పైగా అంకెలు 890తో మొదలయ్యాయి. అది మన దేశపు సరుకుల మీద ఉండే అంకె. ఐ.ఎస్.ఎస్.ఎన్. అనే పత్రికల గుర్తింపు సంఖ్య తీసుకున్న వాటి బార్‌కోడ్ 977తో మొదలవుతుంది. ఏ బిస్కెట్ ప్యాకెట్ గీతలు తెచ్చి అంటించారో మీకే తెలియాలి.

సంప్రదాయాన్ని ఎక్కడ పాటించామో, ఎక్కడ కాదన్నామో చూసి చెప్పమన్నావు. కాదన్న చోటల్లా నీకు కారణం ఉంది. పాటించిన చోటే లేదు. నా బాధ అది.

పత్రిక పేరు అట్ట అడుగున పెట్టావని మీ మాస్టారు తప్పు పట్టారట. పేరు నెత్తిన ఎందుకు ఉంటుందో ఆయన చెప్పారా? ఒకసారి బస్టాండులో పుస్తకాల దుకాణం ముందు నిలబడు. పత్రికలను ఒకదాని మీద ఒకటి సగం కప్పి పేరుస్తారు. పైన నాలుగు వేళ్ల మేరే కనిపిస్తుంది. అక్కడ పేరు లేకపోతే ఆ పత్రిక లేనట్టే. మీది దుకాణానికి వెళ్లేది కాదు, కాబట్టి పేరు ఎక్కడున్నా నష్టం లేదు. అట్ట మీది మనిషి కొనేవాడి కళ్లలోకి చూడాలన్నదీ అంగడి మర్యాదే. మీ నాదస్వర విద్వాంసుడు కళ్లు మూసుకున్నాడు. బుగ్గలు నిండి, కణత దగ్గర నరం ఉబ్బి ఉంది. ఆ బొమ్మను చాలాసేపు చూశాను.

లోపలికి వెళితే లండన్ వచ్చింది. 1952లో పుట్టి 2018లో వారపత్రికగా అచ్చు ఆపేసిన అక్కడి సంగీత పత్రిక ఎన్.ఎం.ఇ. మీకు ఆదర్శమన్నావు. మంచిదే. కానీ వాళ్ల అక్షరానికి కింద వత్తు లేదు, పైన గుడి లేదు. కంప్యూటర్ తనంతట తాను పది పాయింట్ల అక్షరానికి పన్నెండు పాయింట్ల వరుస ఎత్తు ఇస్తుంది. ఆ లెక్క వాళ్లది. తెలుగుకు పద్నాలుగు, పదిహేను ఇవ్వకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. మీ ఏడో పేజీలో కూర్చున్నాయి. ఇక వ్యాసం మొదటి అక్షరాన్ని మూడు వరుసల ఎత్తు పెంచారు. మాట 'శ్రుతి'. శ ఒక్కటే పెరిగింది, దాని రవత్తు విడిపోయి చిన్న అక్షరాల్లో కలిసింది. సంగీత పత్రికలో శ్రుతి విరిగితే నవ్వాలా, ఏడవాలా?

ఈ తప్పు నేనూ చేశాను. 1983లో నలుగురం కలిసి ఇక్కడే కాలితో తొక్కే ఒక ట్రెడిల్ ప్రెస్సులో సంగీత పత్రిక వేశాం. విజయవాడ రేడియో భక్తిరంజని మీద నా వ్యాసం పదకొండు వరుసలు ఎక్కువైంది. వరుసల మధ్య సీసపు పట్టీలు తీసేయమన్నాను. అక్షరాలు పేర్చే కంపోజిటర్ తీయనన్నాడు. "మీ వ్యాసం తగ్గించండి, నా పేజీని కాదు" అన్నాడు. పంతం పట్టి తీయించాను. పేజీ చీమల బారులా నల్లబడింది. నేను గౌరవించే ఒక వయొలిన్ విద్వాంసుడు ఆ ప్రతిని మడిచి నా చేతికే ఇచ్చి, "నాకు ఇంత చూపు లేదు నాయనా" అన్నారు. నాలుగో సంచికతో మా పత్రిక ఆగింది. దానికి వేరే కారణాలున్నాయి, అప్పులతో సహా.

ప్రకటనల సంగతి అడిగావు. ఒక వారపత్రిక సంపాదకుడు తలనూనె ప్రకటనకు చోటు చాలక నా కథలో చివరి రెండు పేరాలు కోశాడు. కథ కామా దగ్గర ఆగిపోయింది. అదే కొత్త పద్ధతి అని ఎవరో మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు! ఆ సంపాదకుడు దాన్ని అచ్చు వేసుకున్నాడు.

పేజీలు 18 వేశారు. నడుమ పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరగాలి. మీరు పదహారు కుట్టి, మిగిలిన ఒక్క కాగితాన్ని జిగురుతో అంటించారు. అది ఊడి నా ఒళ్లో పడింది. దీన్ని సంప్రదాయ ధిక్కారమని మాత్రం అనకు. కాగితం మడత అంతే.

అన్నిటికంటే పెద్ద సంగతి నిన్న రాత్రి గమనించాను. మీ నలుగురి పేర్లు మూడు చోట్ల ఉన్నాయి. అట్ట మీద నాదస్వరం ఊదుతున్న ఆయన పేరు ఎక్కడా లేదు. ఆయన ఎవరు, ఏ ఊరు? కార్డు ముక్క మీదైనా రాసి పంపు. రెండో సంచిక మొదటి పేజీలో ఆ పేరు వేయి.